ముక్కు దగ్గరే ఆగిన కబురు

మార్చి 3

కాగితం వచ్చింది. వచ్చే నెల పక్కనున్న నగరం గ్వాంగ్‌జు వెళ్ళి సైన్యం వాళ్ళ దేహపరీక్షకు నిలబడాలి. ఈ దేశంలో మగపిల్లాడిగా పుట్టిన ప్రతివాడికీ వచ్చేదే. నాకు రాదని ఎందుకనుకున్నానో నాకే తెలియదు.

నాన్న దాన్ని కొట్లో గల్లాపెట్టె పక్కన గోడకి అంటించాడు. వచ్చిన ప్రతి బేరానికీ చూపిస్తున్నాడు. "మావాడు కూడా మెరైన్సులోకే. నేను చేసిన చోటే చేస్తాడు" అంటున్నాడు. వాళ్ళు నన్ను పైనుంచి కిందదాకా చూసి, "పొడుగైతే బాగానే ఉన్నాడు" అని ఊరుకుంటున్నారు. ఆ 'అయితే' దగ్గర నేను గోడ మీది కాగితం వైపు తిరుగుతున్నాను.

మధ్యాహ్నం ఫోనెత్తితే అవతల ఎవరో ముసలాయన, "ఏమ్మా, మీ నాన్న లేడా?" అన్నాడు. లేరండీ అని అమ్మాయిలాగే జవాబిచ్చి పెట్టేశాను. సరిదిద్దాలంటే మళ్ళీ ఆ గొంతుతోనే మాట్లాడాలి కదా. పందొమ్మిదేళ్ళు నిండాయి నాకు.

వెనక కొట్టంలో గిల్‌సు మామయ్య మేం మాగబెట్టి అమ్మే రెక్కల టేకు చేపలు కోస్తున్నాడు. అమ్మకి తమ్ముడు. యాభై రెండేళ్ళు. పెళ్ళి లేదు, గడ్డం లేదు, గొంతు సన్నం. నాన్న ఆయన్ని "పెళ్ళికూతురా" అని పిలుస్తాడు, నేను పుట్టకముందు నుంచీ. ఆయన నవ్వుతాడు. నేను ఆయనలా ఉంటానని కొందరంటారు. ఆ దవడ ఒక్కటే అమ్మ వైపుది. మిగతాదంతా నాన్నదే.

ఇది ఎవరికోసమూ రాయడం లేదు. నోటితో అంటే నిజమైపోతుందని భయపడి రాసుకుంటున్నాను.

మార్చి 8

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, ఒళ్ళు రుద్దుకునే గుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పదరా ఉజే, స్నానాలకి. సైన్యంలోకి పోయేలోగా ఒక్కసారైనా నా వీపు రుద్దవా?"

పన్నెండేళ్ళదాకా ప్రతి ఆదివారమూ వెళ్ళేవాణ్ణి. ఊరి స్నానాలశాలలో వేడినీళ్ళ తొట్టిలో ఊళ్ళో మగాళ్ళందరూ బట్టల్లేకుండానే కూచుంటారు. ఆ తర్వాత నా తోటివాళ్ళ ఒంట్లో వచ్చిన మార్పులు నా ఒంట్లో రాలేదు. నేను వెళ్ళడం మానేశాను.

"కడుపునొప్పి నాన్నా."

"ఆదివారం వస్తే చాలు నీకు కడుపునొప్పే. తండ్రి వీపు రుద్దడానికి నామోషీనా? నా వీపు మీద ముళ్ళేమన్నా ఉన్నాయా?"

కోపంగా అనలేదు. నొచ్చుకుని అన్నాడు. కోపమైతే బాగుండేది. ఒక్కడే వెళ్ళాడు.

మామయ్య కూడా ఎప్పుడూ వెళ్ళడు. కొట్టు కట్టేశాక వెనక పంపు గొట్టంతో నీళ్ళు పోసుకుంటాడు, గడ్డకట్టే చలిలో కూడా. టేకు చేప కంపు అక్కడివాళ్ళకి నచ్చదంటాడు. ఆ చేపలమ్మే నాన్నకి లేని కంపు ఆయనకే ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

మార్చి 9

చూసుకున్నాను. ఏమీ లేదు.

మార్చి 21

అమ్మ కొత్త కషాయం తెచ్చింది. జింక కొమ్ము వేసి కాచింది. పద్నాలుగో ఏటి నుంచీ తాగిస్తోంది. "ఎదిగే పిల్లాడివి" అంటుంది. ఇంకెప్పటిదాకా ఎదుగుతాను?

తాగుతుంటే నా గడ్డం కేసే చూస్తోంది. "పొద్దున గీసుకున్నావా?" అంది.

"ఆఁ" అన్నాను. రోజూ రేజరు తడిపి అద్దం దగ్గర పెట్టి వస్తున్నాను. అమ్మ సంతోషించినట్టు కనిపించింది. అలా కనిపించిందని అనుకుంటున్నాను.

ఏప్రిల్ 2

మామయ్యకి పక్కటెముక విరిగింది. పడలేదు, ఎవరూ కొట్టలేదు. చేపల పెట్టె ఎత్తబోయి 'అబ్బా' అని కూచుండిపోయాడు. పోయిన శీతాకాలం మణికట్టు. దానికి ముందు ఏడాది కాలు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, "ఇవి ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఎముకలయ్యా" అన్నాడట.

నాన్న కొట్లో పడీపడీ నవ్వాడు. "విన్నారా, మా పెళ్ళికూతురు ఏకంగా ముసలమ్మైపోయింది." బేరగాళ్ళూ నవ్వారు. మామయ్యా నవ్వబోయాడు, పక్కటెముక నొప్పెట్టి ఆగాడు. నేనూ నవ్వాను. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ ఊరుకుంటే నా వైపు చూస్తారని.

ఏప్రిల్ 10

పరీక్ష. వరుసలో నిలబెట్టారు. నా ముందున్నవాడి మెడ మీద కూడా వెంట్రుకలే. చొక్కా విప్పమంటే చలి అని చెప్పాను. అక్కడ చలి లేదు.

తెర వెనక్కి పిలిచిన డాక్టరు కుర్రాడే, యూనిఫామ్‌లో ఉన్నాడు. చూశాడు. నర్సుని బయటకు పొమ్మన్నాడు. అప్పుడు నాకు నిజంగా ప్రాణం పోయింది.

"గొంతు మారలేదా?"

"లేదండీ."

"గడ్డం ఎప్పుడైనా గీసుకున్నావా?"

రేజరు గుర్తొచ్చి, "లేదండీ" అన్నాను. ఆ ఒక్క నిజం చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"వాసనలు తెలుస్తాయా నీకు?"

ఇదేం ప్రశ్న? "మాది యోంగ్‌సాన్‌ఫోలో టేకు చేపల కొట్టండీ" అన్నాను. జాడీల్లో గడ్డి పరిచి మాగబెట్టిన చేప, మూత తీస్తే వీధి చివర మనిషి కూడా ముక్కు మూసుకుంటాడు. ఏ జాడీ మాగిందో ముక్కు పెట్టి చెప్పేది మామయ్యా నేనూనే. అది విని డాక్టరు నవ్వాడు. అయినా పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. "భయపడకు, ఇది చూపించుకోవలసింది, అంతే" అన్నాడు. భయపడకు అని డాక్టరు అన్నాడంటే భయపడవలసిందేదో ఉందన్నమాట.

నాన్న బయట కాచుకుని ఉన్నాడు. "ఏమన్నార్రా?"

"బరువు తక్కువట. మళ్ళీ రమ్మన్నారు."

ఏప్రిల్ 11

నాన్న పంది మాంసం రెండుసార్లు తెచ్చి తినిపించాడు. మూడోసారి తెస్తే బాత్రూములో ఏడ్చాను.

ఏప్రిల్ 24

ఎవరికీ చెప్పకుండా గ్వాంగ్‌జు పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాను. డాక్టరు మ్యోంగ్ అని ఒకావిడ, అమ్మ వయసుంటుంది, కళ్ళజోడు తల మీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతుకుతుంది.

చిన్న చిన్న సీసాలు వరసగా పెట్టింది. కళ్ళు మూసుకుని వాసన చెప్పమంది. మొదటిదాన్లో ఏమీ లేదు. రెండోదాన్లో ఏమీ లేదు. నాలుగోదాకా వచ్చేసరికి, "ఖాళీ సీసాలు పెట్టి పరీక్షిస్తున్నారా మేడమ్?" అన్నాను.

"అది కాఫీ బాబూ. అది దాల్చినచెక్క. అది సబ్బు. ఇది నిమ్మకాయ."

అయిదోది పెట్టగానే ముక్కు భగ్గుమంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఇది! ఇది వచ్చింది. ఇది మా కొట్టు వాసన" అని గట్టిగా అరిచాను. ఎంత సంతోషం వేసిందో.

ఆవిడ సీసా మూత పెట్టేసింది. "అది వాసన కాదు బాబూ. మంట. అమ్మోనియా ఘాటు. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండినట్టు ముక్కు మండుతుంది, అంతే. అది వేరే నరం పని. నీకు ఘాటు తెలుసు. వాసన తెలియదు."

వేరే ఇంట్లో పుట్టుంటే చిన్నప్పుడే బయటపడేది. మా ఇంట్లో ముక్కు మండడాన్నే వాసన అంటారు. నేనూ అదే అనుకున్నాను.

వాసనకీ, నా ఒంటికీ ఏం సంబంధమని అడిగాను. "ఉంది. కానీ ముందు మెదడు ఫొటో తీయాలి. అక్కడ గడ్డలాంటిదేమీ లేదని చూసుకోవాలి" అంది.

ఆ తర్వాత ఆవిడన్న మాటలేవీ నా చెవికెక్కలేదు.

ఏప్రిల్ 25

వాన ముందు మట్టి వాసన వస్తుందని అందరూ అంటారు. పాటల్లో వెన్నెల చల్లన అన్నట్టు, అదొక మాట తీరు అనుకున్నాను. అమ్మ చీటికీ మాటికీ "నువ్వుల నూనె ఎంత కమ్మగా ఉందో చూడు" అని గిన్నె ముక్కు దగ్గర పెట్టేది. "అబ్బ" అనేవాణ్ణి. అందరూ అలాగే ఊరికే అంటారనుకున్నాను.

గడ్డ. గడ్డ. గడ్డ.

మే 2

గొట్టంలాంటి మెషీన్లో పడుకోబెట్టారు. రేకుల మీద సుత్తి పెట్టి బాదినట్టు చప్పుడు. కదలొద్దన్నారు. అసలే కదలలేను. బయటికొచ్చాక చేతికి సూది గుచ్చి ఏదో మందు ఎక్కించి, కాసేపటికోసారి రక్తం తీశారు. ఫలితం వచ్చే వారం.

మే 4

తలనొప్పి. గడ్డ వల్లేనా, గడ్డ గురించి ఆలోచించడం వల్లా?

అమ్మ కషాయం ఇచ్చింది. తాగేశాను. ఈ లోకంలో పనిచేసేదేదైనా తాగడానికి సిద్ధంగా ఉన్నాను.

మే 9

గడ్డ లేదు. ముందు అది రాసుకోవాలి. గడ్డ లేదు, గడ్డ లేదు.

పిలుపు కోసం బయట బల్ల మీద కూచున్నప్పుడు పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ ఫోన్లో మునిగి ఉంది. పిల్ల నన్ను చూసి, "అన్నయ్యా, నీకూ ఆపే సూదేనా?" అంది.

"ఏం ఆపడం?"

"నేను తొందరగా పెద్దదాన్నైపోతున్నానంట. అందుకని నెలకోసారి సూదేసి ఆపుతారు. లేకపోతే పొట్టిగా ఉండిపోతానంట."

"నాది మొదలెట్టే సూదేమో" అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే నాది తీసేసి నీకేస్తే సరిపోతుంది కదా" అంది. వాళ్ళమ్మ తలెత్తి "నోర్ముయ్యవే" అని, నాకు దండం పెట్టినంత పనిచేసింది. నెలల తర్వాత మొదటిసారి మనసారా నవ్వాను.

లోపల ఆ మాట చెబితే డాక్టరమ్మ కూడా నవ్వింది. "ఆ పిల్ల తప్పేమీ చెప్పలేదు. రెండూ ఒకటే హార్మోను" అంది. మెదడులో చిన్న చోట పుడుతుందట, జీఎన్‌ఆర్‌హెచ్ అంటారట. ఆగి ఆగి, గంటకో గంటన్నరకో ఒక బొట్టు వదులుతుంది. ఆ బొట్టు అందితే కింద గ్రంథి లేచి పనిచేస్తుంది, మగపిల్లాడు మగాడవుతాడు, ఆడపిల్ల పెద్దమనిషవుతుంది. అదే మందుని ఆగకుండా ఇస్తే గ్రంథి పట్టించుకోవడం మానేస్తుంది. "మీ అమ్మ అప్పుడప్పుడు ఒక కేకేస్తే పలుకుతావు. పొద్దస్తమానం అరుస్తూనే ఉంటే వింటావా? అంతే." ఆ పిల్లకి అలా ఆపుతున్నారు. ప్రోస్టేటు క్యాన్సరొచ్చిన ముసలాళ్ళకి కూడా అలాగే ఆపుతారట.

"మరి నాకు?"

"నీకు ఆ కేకే లేదు బాబూ. ఆ కేక వేసే కణాలు తల్లి కడుపులో ఉన్నప్పుడు పుట్టేది మెదడులో కాదు. ముక్కు దగ్గర పుడతాయి. వాసన నరం పట్టుకుని మెదడులోకి నడిచి వెళ్తాయి. నీకు ఆ నరమే ఏర్పడలేదు. దారి లేక అవి ముక్కు దగ్గరే ఆగిపోయాయి."

ఫొటో చూపించింది. వాసన పట్టే మొగ్గలు రెండుండాల్సిన చోట నల్లగా ఉంది. నేను పుట్టకముందే నా లోపల బయల్దేరినవేవో దారిలో ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ నేను సరిగ్గా తినలేదనీ, ధైర్యం లేదనీ అనుకుంటూ వచ్చాను.

వాసన రాదంట. మిగతాది వస్తుందంట. పొట్టలో సూదులు, వారానికి రెండు మూడు. గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది, ఎముకలు గట్టిపడతాయి. మున్ముందు పిల్లల్ని కూడా కనొచ్చంట. ఆవిడ "కనొచ్చు" అన్నప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

చివర్లో అడిగింది. "ఇది చాలాసార్లు తల్లి వైపు నుంచి వస్తుంది. మీ ఇంట్లో వాసన తెలియనివాళ్ళు, గడ్డం రానివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు ఎవరైనా?"

"లేరు" అన్నాను.

మే 10

లేరన్నాను. అబద్ధమేమీ కాదు. మామయ్యకి పెళ్ళి కాలేదు, అంతే. పెళ్ళి కానివాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు? పైగా మాగిన జాడీ ఏదో నాకంటే ముందు చెప్పేది ఆయనే.

మే 11

నాకంటే ముందు చెప్పేది ఆయనే. నాకంటే ముందు ఆయన ముక్కు మండుతుంది.

మే 17

కొట్టంలో కిటికీలు ఇంకా తెరిచే ఉన్నాయి.

సాయంత్రం వెనక కొట్టంలో నేనూ మామయ్యా పీటల మీద కూచుని చేపల తోళ్ళు తీస్తున్నాం. పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది. తలుపులు మూసి ఉన్నాయి, బయట గాలి. మామయ్య తను చిన్నప్పుడు పడవలో ఎలా వాంతి చేసుకున్నాడో చెబుతున్నాడు. ఇద్దరం నవ్వుతున్నాం. ఎప్పుడో నీళ్ళు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. చాలాసేపటి నుంచి వస్తూనే ఉంది.

"అరె, మంట ఆరిందిరా" అంటూ మామయ్య లేచి లైటరు తీశాడు.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. ఆ అరుపు నేను జన్మలో మరిచిపోలేను. "ముట్టించకు! గిల్‌సూ, ముట్టించకురా!" ఆయన చేతి మీద ఒక్కటేసింది. లైటరు వెళ్ళి చేపల తొట్టిలో పడింది. కిటికీలు తీసి, మమ్మల్నిద్దర్నీ మెడ పట్టుకుని బయటకు ఈడ్చింది. చిన్నపిల్లల్ని ఈడ్చినట్టు.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "వీధిలోకి కొడుతోంది గ్యాసు! మీ ఇద్దరికీ ముక్కుల్లేవంట్రా?"

మామయ్య తలొంచుకుని, "చేప ఘాటులో తెలియలేదు బావా" అన్నాడు. ఎన్నిసార్లు ఆ మాట చెప్పుంటాడో, అంత అలవాటుగా వచ్చింది.

అమ్మ నన్ను చూసింది. తమ్ముణ్ణి చూసింది. మళ్ళీ నన్ను చూసింది. అప్పుడు నాకు అర్థమైంది, అమ్మకి మొదటి నుంచీ తెలుసు.

మే 18

అమ్మని కొట్లోనే అడిగేశాను. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. దాచే ఓపిక లేదు, డాక్టరు చెప్పిందంతా చెప్పాను. గొంతు అమ్మాయి గొంతులాగే కీచుగా వస్తోంది, అయినా చెప్పాను.

అమ్మ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు పుట్టినప్పుడు నేను ముందు నీ మొహం చూడలేదురా. నర్సు గుడ్డ చుడుతుంటే ఆపి, అక్కడ చూశాను. అంతా ఉందనుకున్నాను. పద్నాలుగొచ్చాక మళ్ళీ భయం పట్టుకుంది. ఏం చేయను? కషాయాలు పోశాను."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళచ్చు కదమ్మా!"

"వాళ్ళు అవునంటే?"

నేనూ అదే కదా చేశాను.

మామయ్యకి కూడా సైన్యం పరీక్షలోనే పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పారట. ఊళ్ళో తలెత్తుకోలేనని తాతయ్య తీసుకెళ్ళలేదు. పూనకం వచ్చే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి డప్పులు కొట్టించి ఊరుకున్నారు.

నాన్న నా వైపు తిరిగాడు. "సూదులకి లొంగుతుందన్నారా?" అన్నాడు.

"లొంగుతుందన్నారు."

"మరి ఏడుస్తారెందుకు ఇద్దరూ?" అని లేచి గోడ మీది కాగితం పీకేసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "వాడికి మాత్రం చెప్పొద్దు."

"ఎవరికి?"

"గిల్‌సుకి. ఏదో వాడి మానాన వాడు బతుకుతున్నాడు. మందుందని ఇప్పుడు తెలిస్తే వాడేమైపోవాలి?"

అమ్మ కూడా తలూపింది. నాన్న మొహంలో అలాంటి భయం నేనెప్పుడూ చూడలేదు. ముప్ఫై ఏళ్ళు పెళ్ళికూతురా అని పిలిచింది ఆయనే.

మే 24

మొదటి సూది. నర్సు పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని నేర్పించింది. రెండోది నేనే వేసుకోవాలి. మందు ఫ్రిజ్‌లో కూరల వెనక పెట్టాను.

డాక్టరమ్మకి నిజం చెప్పేశాను, మామయ్య ఉన్నాడని. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎముకలు విరుగుతున్నాయా?" అని మాత్రం అడిగింది. వరసగా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "హార్మోను లేక గుల్లబారాయి. తుంటి విరిగితే లేవలేడు. తీసుకురా" అంది.

అమ్మా నాన్నా చెప్పొద్దంటున్నారు. ఆవిడ తీసుకురమ్మంటోంది. నాకు చెప్పాలని లేదు. చెబితే ఆయన నన్ను చూసే చూపుంటుందే, దానికి భయం.

మే 30

మామయ్య ఫ్రిజ్ తెరిచి, "ఈ డబ్బాలేంట్రా?" అన్నాడు.

"విటమిన్లు మామయ్యా."

"బాగా వేసుకో. ఎదిగే పిల్లాడివి" అన్నాడు.

జూన్ 4

నీళ్ళ గచ్చు మీద మామయ్య కాలు జారింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చంక కింద పట్టుకున్నాను. అంత మనిషీ నా చేతుల్లో పిల్లాడి బరువున్నాడు. తుంటి, తుంటి అని నా బుర్రలో మోగింది.

"మామయ్యా, మీకు కాఫీ వాసన తెలుసా?"

"చేపల ఘాటులో ఏం తెలుస్తుందిరా."

"ఘాటు లేని చోట?"

ఆయన నన్ను వదిలించుకుని పీట మీద కూచున్నాడు. కత్తి తీసుకున్నాడు. నేను ఎదురుగా కూచుని మొత్తం చెప్పాను. ముక్కు, నడిచి వెళ్ళే కణాలు, సూదులు. ఆయన చేప రెక్కని పలచగా కోస్తూనే ఉన్నాడు. ముక్కలన్నీ ఒకే మందాన వస్తున్నాయి.

"నీకు మొదలెట్టారా?"

"ఆఁ."

"మంచిది. మంచిదిరా." చాలాసేపు కోశాడు. "నాక్కూడా ఉందా?"

"ఇప్పటికీ ఉందన్నారు."

"ఇప్పటికీ" అన్నాడు. కత్తి ఆగింది. "ఆనాడు సైన్యం పరీక్షలో డాక్టరు నాకూ చెప్పాడు. మా నాన్న వద్దన్నాడు. నాకూ భయమేసి పట్టుబట్టలేదు. తర్వాత్తర్వాత అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళురా. గిల్‌సుకి ఏ ఆశా లేదు, సన్యాసిలాంటోడు, అని. నేనూ నిజమే అనుకున్నా. నా మనసే అంత అనుకున్నా." నా వైపు చూశాడు. "ఆ సూదేసుకుంటే ఇప్పుడు ఆశ పుడుతుందా? ఈ వయసులోనా? పుడితే ఎవరి మీద పెట్టుకోను?"

ఆయన మళ్ళీ కోయడం మొదలెట్టాడు. ముక్కలు మందంగా వచ్చాయి.

జూన్ 5

మామయ్య పనికి రాలేదు. ఆయన గదికి తాళం. ఫోను ఎత్తడం లేదు.

నాన్న ఏటి గట్టు వైపు పరిగెత్తాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. నేను రెండో గట్టు చూశాను. నీళ్ళ కేసి చూడడానికి ధైర్యం చాలకపోయినా, చూస్తూ పరిగెత్తాను. దేవుడా, నోరు మూసుకుని ఉంటే పోయేది కదా.

బస్సుల స్టాండు పక్క కాఫీ దుకాణంలో ఉన్నాడు. ఎదురుగా కప్పు, తాగలేదు. తల వంచి ముక్కు దాదాపు కాఫీలో ముంచేసి కూచున్నాడు. ముక్కు చివర నురగ అంటుకుని ఉంది. కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి కంగారుగా చూస్తోంది.

"ఏమీ రావడం లేదురా ఉజే" అన్నాడు. "ఆ అమ్మాయిని అడిగాను. అందరికీ వస్తుందంట."

పక్కన కూచున్నాను. నాన్న వచ్చాడు, కాళ్ళనిండా బురద. మామయ్యని చూశాడు. ఎప్పటిలా పిలవబోయి నోరు తెరిచి, మూశాడు. "గిల్‌సూ, ఇంటికి పద" అన్నాడు.

జూన్ 12

మామయ్యని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పండగ బట్టలు వేసుకున్నాడు. ఆవిడ అడిగిన ప్రతిదానికీ, "అవునండీ" అన్నాడు. ఎముకల ఫొటో చూసి ఆవిడ తల మీది కళ్ళజోడు దించుకుని మళ్ళీ చూసింది.

ఆయన వయసుకి ముందు గుండే, ప్రోస్టేటూ చూడాలంట. ఆ ఫలితాలొచ్చేదాకా హార్మోను మొదలుపెట్టరు. అప్పటిదాకా ఎముకలకి బిళ్ళలు, కాల్షియం. వాసన ఎప్పటికీ రాదని ఆయనకీ చెప్పింది.

"నా మనసు మారుతుందా డాక్టరుగారూ?" అన్నాడు.

"కొంత మారొచ్చు. ఒంట్లో ఓపిక రావొచ్చు. చిరాకు రావొచ్చు, కొన్నాళ్ళు ఏడుపు కూడా రావొచ్చు. భయపడకండి."

సైన్యం డాక్టరన్న మాటే ఆవిడా అంది. బస్సులో మామయ్య కిటికీ వైపు కూచుని, దారంతా బిళ్ళల డబ్బా తిప్పి తిప్పి చూశాడు.

జూన్ 16

ఏడో సూదో ఎనిమిదోదో. నా గొంతు ఇంకా అంతే. రోజూ పాడి చూసుకుంటున్నాను. రాకపోతే అన్న భయం, వస్తే ఎవడిలా ఉంటానో అన్న భయం, రెండూ ఉన్నాయి.

నాన్న మామయ్యని పేరు పెట్టే పిలుస్తున్నాడు. బేరగాళ్ళెవరో పాత పిలుపు పిలిస్తే, "ఇక్కడ ఆ పేరుగల వాళ్ళెవరూ లేరు, చేప కావాలా వద్దా?" అని కసిరాడు.

జూన్ 19

మధ్యాహ్నం తిండి అయ్యాక మామయ్య నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ రాడు.

"నీకేమన్నా తెలుస్తోందిరా?"

"ఇంకా లేదు మామయ్యా. నెలలు పడుతుందన్నారు కదా."

"ఊఁ." లోపలికి రాలేదు. గుమ్మాన్ని పట్టుకునే ఉన్నాడు. "నాకు నిన్న ఏడుపొచ్చిందిరా. టీవీలో ఎవరిదో పిల్లాడు సైకిలు నేర్చుకుంటున్నాడు, వాళ్ళ నాన్న వెనక పట్టుకుని పరిగెడుతున్నాడు. అంతే, ఇంకేం లేదు. ఏడుపొచ్చి ఆగలేదు. ఇవాళ పొద్దున కూడా. ఎన్నడూ లేదు నాకిలా." కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "డాక్టరుగారు చెప్పింది కదా, ఏడుపొస్తుందని. మందు వల్లే కదా?"

"తెలియదు మామయ్యా" అన్నాను.

"మందు వల్లేనని చెప్పరా."

ఆయనకింకా హార్మోను మొదలుపెట్టలేదు. ఇప్పటిదాకా మింగినవి ఎముకల బిళ్ళలే. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"మందు వల్లే మామయ్యా" అన్నాను.